దుప్పటి బయటి కాలు

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు. నాట్లు వేయడం, కలుపు తీయడం, పత్తి ఏరడం, మాటకు మాట అప్పజెప్పడం వచ్చు గానీ అక్షరాలు మాత్రం యాభై దాటాక, మనవరాలు వాడి పడేసిన పలక మీద నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా రాయలేదు. అప్పటికి వస్తాద్ బతికే ఉన్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు, ఉర్దూ ఒక్కటే వచ్చు. కానీ తన గురించి ఎవరేం రాసినా చదివించుకుని వినే మనిషి. విన్నాక పిలిపించి, తనకు నచ్చినట్టు దిద్దించే మనిషి. మొన్న శుక్రవారం ఆయన పోయాడు. ఇక దిద్దేవాళ్లు లేరు.

మా ఊరు గూడూరు పక్కన, అడవి అంచున. ఊరి చివర ఎర్రమట్టి పోసిన ఒక పెద్ద గది ఉంది. దాన్ని తాలీం అంటారు, కుస్తీ నేర్పే చోటు. నేర్పేవాడు వస్తాద్. ఆయనకు వేరే పేరు ఉండేది, కానీ ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు.

ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక ఎర్ర తువ్వాల. చెమట తుడుచుకోవడానికి కాదు. మగవాడు కనిపిస్తే చాలు, తువ్వాల తీసి వాడి తొడ చుట్టూ చుట్టేవాడు. కొసలు కలిస్తే, "ఏమున్నదిరా గీ తొడల? మీ అవ్వ నీకు బువ్వ పెడ్తలేదా?" అనేవాడు. కలవకపోతే "షాబాష్" అని వీపు మీద ఒకటి చరిచేవాడు. ఆ దెబ్బకు భయపడి కొంతమంది ఊపిరి బిగబట్టి తొడను సన్నం చేసుకునేవారు. ఊళ్లోకి పెళ్లిచూపులకు వచ్చిన పిల్లవాడిని కూడా వదల్లేదు. ఆ సంబంధం తప్పిపోయింది. పిల్లవాడికి తొడ లేకనా, మెదడు ఉండటం వల్లనా అన్నది ఇప్పటికీ తేలలేదు.

ఆయన తొడకు మాత్రం తువ్వాల కొసలు కలిసేవి కావు. జనగామలో ఒకసారి కుస్తీ పట్టినప్పుడు, ఎదుటివాడు ఆయన కాలు పట్టుకుని లాగీ లాగీ, కదల్చలేక, చివరికి ఆ కాలినే పట్టుకుని నిలబడి అలసట తీర్చుకున్నాడట. ఈ కథ చెప్పేది ఆయనే. ఆ ఎదుటివాడెవరు, ఇప్పుడు ఎక్కడున్నాడు అని అడిగితే నీళ్లు తాగడానికి లేచిపోయేవాడు.

ఆడవాళ్ల కాళ్లను ఆయన కొలవలేదు. మర్యాదస్తుడు. కొలవకుండానే తీర్పు చెప్పాడు.

"మగోని తొడ టేకు దుంగ. ఆడోళ్ల కాలు పొట్లకాయ. పైనోడు అట్ల జేసిండు. నేనేం జేయాలె?"

ఆయన భార్యను మేమంతా ఆపా, అంటే అక్క, అంటాం. సన్నటి మనిషి, తల మీది కొంగు జారనివ్వని మనిషి. పొద్దున్నే వస్తాద్ తాలీంలో బైఠక్‌లు తీసేవాడు. అంటే కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. అదే సమయానికి ఆపా బోరింగు దగ్గర వంగి లేచి, వంగి లేచి నీళ్లు కొట్టేది. నిండిన బిందె నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని గుట్ట ఎక్కి ఇంటికి పోయేది. ఆయనది కసరత్తు, ఆమెది పని. కసరత్తుకు బాదంపాలు ఉంటాయి. పనికి చాయ్ ఉంటుంది, అదీ మిగిలితే. ఇద్దరి కాళ్లలో ఎవరికి కండ పట్టింది అని ఆశ్చర్యపోవడానికి మా ఊళ్లో ఎవరికీ తీరిక ఉండేది కాదు.

ఇంతలో తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేశారు. మా ఊళ్లో కూడా రోడ్డు పక్కన టెంటు వేసి, రోజుకు కొంతమంది చొప్పున నిరాహారదీక్షకు కూర్చునేవారు. వస్తాద్ కూర్చున్న రోజు ఊరు ఊరంతా చూడడానికి వచ్చింది. ఆకలితో ఉన్న మనిషిని చూడాలని కాదు, ఆయన ఆకలికి ఆగుతాడా లేదా అని. సాయంత్రం నిమ్మరసం వచ్చేదాకా ఆయన రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాడు. తాగి, మూతి తుడుచుకుని, మైకు అందుకున్నాడు.

"మానుకోట దాక పాదయాత్ర వెట్టినం. మొగోళ్లు నడువాలె. ఆడోళ్లు ట్రాక్టర్‌ల రావాలె. నడిమిట్ల కాళ్లు గుంజితే ఎవలు మోస్తరు?"

మేం మహబూబాబాద్‌ను మానుకోట అనే అంటాం. నేను నాట్ల ముఠాకు పెద్దను. వెనక వరసలో కూర్చున్నాను. లేచాను.

"వస్తాదన్నా, పొద్దంత నాటేసి, పొద్దూకినంక మేం ఇంటికి పోయేటప్పుడు ఎవలు మోస్తున్నరు?"

"గది వేరు చెల్లె. బురదల వంగుడు బలం గాదు. అలవాటు."

"మరి నువ్వు తీసే బైఠక్‌లు?"

"గది బలం."

"ఓహో. మీకు అలవాటైతే బలం, మాకు బలముంటే అలవాటు."

టెంటు నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఎవరి మీద నవ్వుతున్నారో తెలియనప్పుడు ఆయన అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఆ వానకాలమే ఆ పని జరిగింది. మా దగ్గర నాట్లప్పుడు ఒక ఆనవాయితీ ఉంది. గట్టు మీద ఎవరైనా మగవాడు పోతుంటే అతని పాదాల ముందు నారుకట్ట పెట్టి దారి ఆపుతాం. అతను మాకు ఏదో ఒకటి ఇచ్చి కట్ట దాటాలి. ఇవ్వకపోతే మడిలోకి దిగి మాతోపాటు ఒక మునుం, అంటే ఒక వరస, నాటి పోవాలి. చాలామంది నవ్వుతూ ఏదో ఒకటి ఇచ్చి తప్పించుకుంటారు. వస్తాద్ ఆ రోజు టెంటుకు పోతున్నాడు. తెల్ల లుంగీ, ఎర్ర తువ్వాల. మా ముఠాలో చిన్నామె ఒకతె కట్ట పెట్టింది.

"చాయ్‌లకన్న ఇచ్చి పో వస్తాదన్నా. లేకుంటే మునుం వట్టు."

తెలివైనవాడైతే ఇచ్చి పోయేవాడు. కానీ ఇవ్వడమంటే ఓడిపోవడం అని ఆయన లెక్క. లుంగీ పైకి కట్టి, తొడ చరిచి, మడిలోకి దిగాడు. ఆ చప్పుడుకు కొంగలు లేచిపోయాయి.

నాటు వేయడమంటే వెనక్కి నడవడం. నడుము వంచి, ముందు నాటుకుంటూ, మడమలతో దారి చూసుకుంటూ. వస్తాద్ మొదట బాగానే నాటాడు. మేం కూడా మెచ్చుకున్నాం. కొంతసేపటికి ఆయన తొడలు వణకడం నీళ్లలో కనిపించింది. కూర్చుని లేచే కండ ఒకటి, వంగి ఆగే కండ ఒకటి. రెండూ ఒకే తొడలో ఉన్నా, పిలిచిన కండే పలుకుతుంది. పైగా బరువు. మేం పాదం మోపిన చోట ఆయన మోకాలు దాకా దిగిపోయాడు. దిగిన కాలిని మేమైతే మడమ లేపి, వేళ్లు వాల్చి, మెల్లగా జార్చి తీస్తాం. ఆయన వస్తాద్ కాబట్టి గుంజాడు. పై ఒళ్లు తిరిగింది, కాలు తిరగలేదు. ఎండుకట్టె విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది.

"అరే... కుచ్ నహీ, కుచ్ నహీ, ఏం గాలె" అంటూనే బురదలో కూర్చుండిపోయాడు.

మోకాలి కింద ఎముక విరిగింది. ఊరు మమ్మల్ని తిట్టింది. ఆడోళ్లు కలిసి వస్తాద్ కాలు విరగ్గొట్టారన్న మాట మొగుళ్లపల్లిలో ఉన్న మా పుట్టింటిదాకా చేరింది. బురదను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

పెద్ద దవాఖానాలో తొడ దగ్గర నుంచి వేళ్లదాకా సిమెంటు పట్టీ కట్టి పంపారు. ఇక ఆయన వైద్యం ఆయన మొదలుపెట్టాడు. రోజూ పాయా. మేక కాళ్లను పొద్దంతా ఉడికించిన పులుసు. కాలికి కాలే మందు అని ఆయన శాస్త్రం. ఆపా పొయ్యి ముందు కూర్చుని ఉడికించేది, ఆయన మంచంలో కూర్చుని తాగేవాడు. మేకలు ఆ వీధిలోకి రావడం మానేశాయి. ఆయన పొట్ట నిండుగా, గుండ్రంగా తయారైంది. కాలు పట్టీలో ఉంది కాబట్టి అది కూడా అలాగే తయారవుతోందని అందరం అనుకున్నాం.

పట్టీ విప్పే రోజు ఆపా నన్ను తోడు రమ్మంది. ఆమెకు పట్నంలో దారులు తెలియవు. పట్టీ కోశారు. లోపల నుంచి ఒక కాలు వచ్చింది. తోలు ముడతలు పడి, పిక్క వేలాడుతూ, తొడ నా ముంజేతికంటే కొంచెం లావుగా ఉంది. వస్తాద్ దాన్ని చూశాడు. తర్వాత పట్టీ కోసిన మనిషిని చూశాడు, అతనేమన్నా మార్చాడేమోనని.

"గిది నాది గాదు."

కసరత్తులు చేయించే డాక్టరమ్మ జనగామ వైపు పిల్ల. నవ్వు ఆపుకుంది. "మీదే తాతా. కదలక సన్నవడ్డది."

"నలభై ఏండ్ల కసరత్ ఉన్నదమ్మా ఈ కాల్ల. గుమ్మిల వడ్లు వోసినట్టు వోసి వెట్టిన. రెండు నెలలు పండుకుంటే ఎట్ల వోతది?"

"కండ గుమ్మి గాదు తాతా, బావి. తోడితెనే ఊరుతది. తోడకుంటే పూడుతది."

ఆయన వేలాడే పిక్కను వేలితో పొడిచి చూశాడు. ఇంత జరిగినా తన సిద్ధాంతం వదలలేదు. "మరి మొగోని కాలు మొగోని కాలే గదమ్మా?"

"మీసాలు మొలిచే యీడుల మొగపిల్లల ఒంట్ల ఒక రసం ఊరుతది. దాంతోని కండ జర ఎక్కువ వడ్తది. ఆడోళ్లకు గది తక్కువ. పుట్టుక కూడ ఉంటది, కొందరి ఒళ్లే అసొంటిది. గని వట్టిన కండ నిలవాల్నంటే అందరికి ఒక్కటే కానూను. పని చెప్పాలె, తిండి వెట్టాలె. లావున్నంత మాత్రాన బలం గాదు. నరం చెప్తే కండ ఇనాలె. ఇప్పుడు మీ నరం చెప్పుడు మరిచింది, మీ కండ ఇనుడు మరిచింది."

నేను ఆపా వైపు చూశాను. ఆపా తన కాళ్ల వైపు చూసుకుంటోంది. పెళ్లయ్యాక మొదటిసారి చూసుకుంటున్నట్టు.

డాక్టరమ్మ చివరకు నవ్వు మానేసి చెప్పింది. "ఇంటికాడ రోజు కాలు లేపుండ్రి, గోడ వట్టుకొని నిలవడుండ్రి. బతుకమ్మ పండుగకు మళ్ల రాండ్రి. అప్పటిదాక మంచంలనే ఉంటే మోకాలు బిగుసుకపోతది. ఇగ ఎన్నటికి కట్టె వట్టుకునుడే."

ఇంటికొచ్చిన వస్తాద్ మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు. దుప్పటి కప్పుకోవడంలో ఆయన పనితనం చూడాలి. చెడ్డ కాలు లోపల, మంచి కాలు బయట. తాలీం శిష్యులు పెద్దవంగర నుంచి కూడా చూడడానికి వచ్చేవారు. బయట ఉన్న కాలిని పిసికి, "వస్తాద్, ఇనుము ఇనుమే!" అనేవారు. ఆయన కళ్లు మూసుకుని తల ఊపేవాడు. ఊళ్లో అందరూ చూసిపోయింది విరగని కాలినే. విరిగిన కాలిని ఎవరూ అడగలేదు. అది ఆయన కోరుకున్న గౌరవం.

కసరత్తు మాత్రం లేదు. గోడ పట్టుకుని నిలబడటం లేదు. ఆపా ఎంత బతిమాలినా "కాలు ఆరాం తీసుకుంటున్నది" అనేవాడు. ఒకరోజు ఆమె చేను దగ్గరికే వచ్చింది.

"నా మాట ఇంటలేడు. నువ్వు జర వచ్చి తిట్టు. నువ్వు తిడితే ఆయనకు రోషం వస్తది."

ఇంత గౌరవంగా నన్ను ఎవరూ పనికి పిలవలేదు. పోయాను.

"వస్తాదన్నా, ఊరందరికి బైఠక్‌లు నేర్పినోనివి. నీకు ఎవలు నేర్పాలె?"

"లేస్త. లేస్త. పండుగ గానియ్యి."

"పండుగైతే కట్టె చేతికొస్తది."

దుప్పటి అంచు పట్టుకున్నాడు. మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. "వాకిట్ల నిలవడితె తాలీం పోరగాండ్లు జూస్తరు చెల్లె. గీ కాలు జూసి, రేపు నా ముంగట దండం వెడ్తరా? తువ్వాల దెచ్చి చుడ్తరు."

ఇతరుల తొడలు కొలిచి కొలిచి, చివరికి ఆయన తన తువ్వాలకే దొరికిపోయాడు. సిగ్గు కోసం కాలినే వదులుకుంటున్నాడు. ఆ కాలు ఆయన ఒక్కడిదే అయితే నేను కూడా వదిలేసేదాన్ని. రేపు కట్టెకు బదులు నిలబడాల్సింది ఆపా భుజం.

పండుగ వచ్చింది. దానితోపాటే తెలంగాణ సమ్మె వచ్చింది. బస్సులు బంద్. ఆటోలు ఒక ఊరి రోడ్డుబందు నుంచి ఇంకో ఊరి రోడ్డుబందు దాకా తిరిగేవి. డాక్టరమ్మ రమ్మన్న రోజు ఎడ్లబండిలో గడ్డి పరిచి వస్తాద్‌ను ఎక్కించాం. దుప్పటి కూడా ఎక్కింది. మా ఊరి బందు దాటితే అవతల ఆటో ఉంటుందని చెప్పారు.

బందు దగ్గరికి పోయేసరికి రోడ్డుకు అడ్డంగా దుంగలు, టైర్లు, వాటి ముందు వస్తాద్ శిష్యులు. దుంగల అవతల రోడ్డు నిండా మా ఊరి ఆడవాళ్లు బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. పెద్ద శిష్యుడు చేతులు కట్టుకుని బండి ముందుకు వచ్చాడు.

"వస్తాద్, మాఫ్ జేయాలె. బండి పోనియ్యం."

"అరే, నేన్‌రా!"

"మీరే గద జెప్పింది. మా నాయిన బండొచ్చినా ఆపుండ్రి, నేనొచ్చినా ఆపుండ్రి అని."

నిజమే, అన్నాడు. నిమ్మరసం తాగాక అన్నాడు. శిష్యుడు మాత్రం వస్తాద్ మాటను వస్తాద్ కంటే ఎక్కువ నమ్మినవాడు. ఆ తర్వాత ఇంకా పెద్ద ఆపద తెచ్చాడు. "దిగుండ్రి వస్తాద్. మేం నలుగురం ఎత్తుకోని అవుతల దింపుతం."

ఎత్తితే దుప్పటి పోతుంది. లుంగీ చెదురుతుంది. వస్తాద్ ముఖం మట్టి రంగుకు తిరిగింది. దుప్పటిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వద్దు. ఇంటికి తిప్పుండ్రి బండి."

ఇంటికి తిప్పితే ఇక ఆ కాలు అంతే. ఆపా బండి చక్రం పట్టుకుని నిలబడింది, తిరగనివ్వకుండా. ఆ సన్నటి చెయ్యి చూసి నేను శిష్యులను కేకేశాను.

"పోండ్రిరా దూరం. గిది ఆడోళ్ల ఆట. మొగోళ్లు అటు మొఖం వెట్టుండ్రి."

వాళ్లు క్రమశిక్షణ గలవాళ్లు. అటు తిరిగారు. నేను వస్తాద్‌తో అన్నాను, "దిగు."

"నడువలేను చెల్లె."

ఆ మాట ఆయన నోటి నుంచి ఎవరూ విని ఉండరు. చాలా చిన్నగా అన్నాడు.

"నడువకు. ఆడు. బతుకమ్మ ఆటల ఎవలన్న ఉరుకుతరా?"

దింపాం. ఒక చెయ్యి ఆపా భుజం మీద, ఇంకో చెయ్యి నా భుజం మీద. ముందు నా భుజం మీద చెయ్యి వేయడానికి సందేహించాడు. "చెల్లె అనుడు నోటికేనా?" అన్నాను. వేశాడు. దుంగల పక్క సందులోంచి వలయంలోకి తీసుకుపోయాం. ఆడవాళ్లు చూశారు. ఒకామె అననే అన్నది.

"వస్తాదన్నా, ట్రాక్టర్ పిలువాల్నా?"

నవ్వులు. కానీ నవ్వుతూనే వలయం విప్పి మమ్మల్ని లోపలికి తీసుకుంది ఆమె. పాట నెమ్మది చేశారు. ఒక అడుగు పక్కకు, కాస్త వంగడం, చప్పట్లు, మళ్లీ ఒక అడుగు. ఆయనకు చప్పట్లు లేవు. అడుగు ఒక్కటే. చీరల మధ్య ఆయన కాలు ఎవరికీ కనబడలేదు. నాకు మాత్రం తెలుస్తోంది. అడుగడుక్కీ ఆ వణుకు నా భుజం దాకా వచ్చింది. మధ్యలో మోకాలు ఒకసారి మడతపడింది. ఆయన కింద పడలేదు, పడడానికి చోటు లేదు. వెనకామె నడుము అడ్డం పెట్టింది, ముందామె వీపు ఆనించింది. పాట ఎక్కడా ఆగలేదు.

సగం వలయం తిరిగేసరికి రోడ్డు అవతల ఉన్నాం. ఆటో నాలుగడుగుల దూరంలో ఉంది. అక్కడ ఆయన మా భుజాల మీది చేతులు తీసేశాడు. ఆపా పట్టుకోబోతే వద్దన్నాడు. పళ్లు బిగబట్టి, మడమ తర్వాత వేళ్లు, మడమ తర్వాత వేళ్లు, ఆటో దాకా ఒక్కడే పోయాడు. కూర్చున్నాక చెమట తుడుచుకుని నాకు చెప్పిన మొదటి మాట ఇది.

"ఆడోళ్ల పాట జర ఆలిస్యం ఉంటది. లేకుంటే ఎప్పుడో దాటుదును."

దవాఖానాలో డాక్టరమ్మ మోకాలు వంచి చూసి, "కసరత్ చేసిండ్రా తాతా?" అంది. "రోజూ" అన్నాడు. ఆపా నేల చూసింది. నేను గోడ చూశాను. "జర బిగుసుకున్నది. గని కండ కదులుతున్నది. లేస్తది" అంది ఆ పిల్ల.

ఆ రోజు నుంచి నిజంగానే చేశాడు. తాలీంలో తెల్లవారకముందే, తలుపు వేసుకుని. గోడ పట్టుకుని ఆయన లేచి కూర్చుంటుంటే ఆపా ఎదురుగా నిలబడేది. కాలు మళ్లీ నిండింది, కానీ పాత కాలంత కాలేదు. వయసు కూడా తన వాటా తీసుకుంటుంది. కొంచెం కుంటు మిగిలింది. దాన్ని ఆయన "వస్తాద్ చాల్" అని పేరు పెట్టి, అదొక నడక అన్నట్టు శిష్యులకు నేర్పబోయాడు. ఇద్దరు నేర్చుకున్నారు కూడా.

మారాడా అంటే మారలేదు. రాష్ట్రం వచ్చినా, ఆయన ప్రసంగంలో మగోని తొడ టేకు దుంగగానే ఉంది, ఆడోళ్ల కాలు పొట్లకాయగానే ఉంది. బతుకమ్మ ఆడావటగా అంటే, "నేను ట్రాఫిక్ చూసుకుంటున్న" అనేవాడు. ఒక్క సంగతి మాత్రం నేను గమనించాను. పొద్దున బాదంపాలు రెండు గ్లాసుల్లో వచ్చేవి. రెండోది ఎవరిదని ఊళ్లో ఎవరూ అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు. చెప్తే సిద్ధాంతం దెబ్బతింటుంది.

శనివారం జనాజా, అంటే ఆయన పాడె, లేచింది. మోసిన శిష్యులు తిరిగొచ్చి చాయ్ హోటల్ ముందు నిలబడ్డారు. "బందు రోజు ఒక్కడే, పులి లెక్క రోడ్డు దాటిండు గదరా!" అంటున్నాడు పెద్ద శిష్యుడు. ఆ రోజు అటు తిరిగి నిలబడ్డవాడు. నేను వింటూ ఇంటికి వచ్చాను.

మర్నాడు పొద్దున ఆపా దగ్గరికి పోయాను. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆయన మంచం పక్కనే కూర్చుని కూర్చుని ఉన్న మనిషి. గోడకు ఆనుకుని నేల మీద ఉంది. చుట్టూ చుట్టాలు. ఇద్దత్, అంటే భర్త పోయిన ఆడమనిషి ఇల్లు దాటకుండా ఉండే నెలలు, మొదలైంది. లేవబోయింది. మోకాళ్లు లేవలేదు. నేల మీద చెయ్యి ఆనించి మళ్లీ ప్రయత్నించి, సిగ్గుపడి, కొంగు సర్దుకుని కూర్చుంది.

"కూసో ఆపా. నువ్విప్పుడు యాడికి వోయేదున్నది? మేం లేమా?" అన్నారు చుట్టాలు. మంచి మనసుతోనే అన్నారు.

నేను వంగి ఆమె చంక కింద చెయ్యి వేశాను. "లే ఆపా."

"కాళ్లు వస్తలేవే."

"వస్తయి."

లేచింది. గడప దాటలేదు. వాకిలి లోపలే కోళ్ల గూడు దాకా పోయి వచ్చాం. మళ్లీ పోయి వచ్చాం. ఆమె ఏడుస్తూనే నడిచింది. తర్వాత మళ్లీ బయల్దేరినప్పుడు నా భుజం మీది చెయ్యి ఆమే తీసేసింది. నేను గూడు దగ్గరే ఆగిపోయాను.